చెట్టు మీద రాజు గుర్తు

ఒక ఏడాది ఆశ్వయుజ పౌర్ణమికి మా మేనమామతో కలిసి జోడేఘాట్ పోయాను. కొమురం భీం వర్ధంతిని ఆదివాసులు ఆ పౌర్ణమి నాడే జరుపుకుంటారు. ఉట్నూరు నుంచి జైనూరు, కెరమెరి మీదుగా ఘాట్ రోడ్డు. పత్తి చేలు అప్పుడప్పుడే తెల్లబడుతున్న రోజులు. గుట్ట కింద డోళ్ళు, తుడుం మోతలు, జెండాలు. ఒక పక్క అధికారుల దర్బారు, దాని ముందు అర్జీలు పట్టుకుని బారులు తీరిన జనం. భూమి కోసం తిరిగి చనిపోయిన మనిషి పేరు మీద జరిగే పండుగలో, ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎక్కువ అర్జీలు భూమి గురించే.

మామ భీం విగ్రహానికి దండం పెట్టుకున్నాడు. తిరుగుదారిలో చాయ్ తాగుతూ అన్నాడు: "భీం చేసింది రైటేరా అల్లుడా. జంగ్లాతోళ్ళు బతకనియ్యకపోతె ఎవడైన ఏం జేస్తడు?" ఒక గుక్క తాగి మళ్ళీ అందుకున్నాడు. "మరి నాకు గీ వన్ ఆఫ్ సెవెంటీ గట్లనే ఉన్నది గద. యాభై ఏండ్ల సంది దున్నుకుంటున్న. అమ్మరాదు, పట్టా కాదు, బ్యాంకోడు లోను ఇయ్యడు. భీంకొక నాయం, నాకొక నాయమా?"

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. నాకు జవాబు తోచలేదు. తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది గానీ, ఇదిగో ఇక్కడ అని వేలు పెట్టి చూపించలేకపోయాను. ఈ వ్యాసం ఆ వేలు పెట్టే ప్రయత్నం. అందుకోసం కొంచెం దూరం, అమెరికా దాకా, పోవాల్సి వచ్చింది.

బ్రిటిష్ చట్టాల మీద అమెరికా వలసవాసుల తిరుగుబాటు అనగానే మనకు గుర్తొచ్చేది బడిలో చదువుకున్న టీ పెట్టెలు. 1765లో స్టాంపు చట్టం, 1773 డిసెంబర్‌లో బోస్టన్ రేవులో తేయాకు నీళ్ళపాలు. ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదు అనే మాట. ఇవన్నీ పట్నం గొడవలు. ఆదిలాబాద్ వాళ్ళకు అర్థమయ్యే గొడవ వేరే ఉంది. అది చెట్ల గొడవ.

ఇంగ్లండ్ నౌకాదళానికి ఓడల తెరచాప కొయ్యలు కావాలి. అంత పొడుగు, అంత నిటారు చెట్లు ఇంగ్లండ్‌లో లేవు. న్యూ ఇంగ్లండ్ అడవుల్లో తెల్ల పైన్ చెట్లు ఉన్నాయి. 1691లో మసాచుసెట్స్‌కు ఇచ్చిన రాజశాసనంలోనే ఒక షరతు పెట్టారు: ఎవరికీ పట్టా కాని నేలలో, రెండడుగుల పైన అడ్డుకొలత ఉన్న పైన్ చెట్లన్నీ రాజుగారివి. నరికితే చెట్టుకు వంద పౌన్లు జరిమానా. తర్వాత వచ్చిన చట్టాలు పట్టు ఇంకా బిగించాయి. న్యూ హాంప్‌షైర్‌లో 1722 చట్టం ఆ కొలతను ఒక్క అడుగుకు దించింది. రాజుగారి సర్వేయరు మనిషి వచ్చి గొడ్డలితో మూడు వేట్లు వేసి బాణం గుర్తు చెక్కిపోతాడు. అప్పట్నుంచి ఆ చెట్టు నీ పెరట్లో ఉన్నా నీది కాదు. నేల సాఫు చేసుకోవాలన్నా ముందు ఆయనకు ఫీజు కట్టి గుర్తులు వేయించుకోవాలి.

1772లో న్యూ హాంప్‌షైర్‌లోని వేర్ అనే ఊళ్ళో ఒక రంపపు మిల్లు దగ్గర గుర్తు తప్పించుకున్న దుంగలు దొరికాయి. జరిమానా వేశారు. పక్క ఊరివాళ్ళు కట్టేశారు, వేర్ వాళ్ళు కట్టమన్నారు. ఎబెనెజర్ మడ్జెట్ అనే ఆయన్ను అరెస్టు చెయ్యడానికి ఏప్రిల్ 13న షెరీఫ్, ఆయన డిప్యూటీ వచ్చారు. పొద్దున జామీను తెస్తానన్నాడు మడ్జెట్. ఆ రాత్రి వాళ్ళిద్దరూ ఊరి సత్రంలో పడుకున్నారు. తెల్లవారుజామున ఇరవై మందికి పైగా మొహాలకు మసి పూసుకుని లోపలికి చొరబడ్డారు. చెట్టుకొక దెబ్బ చొప్పున, తమకు పడ్డ జరిమానా లెక్కన, బెత్తాలతో వడ్డించారు. గుర్రాల చెవులు కోసి, జూలు, తోకలు కత్తిరించి, ఆ గుర్రాల మీదే వాళ్ళను ఊరి బయటికి తరిమారు. తర్వాత ఎనిమిది మంది మీద కేసు పెట్టారు. పడిన శిక్ష తలా ఇరవై షిల్లింగుల జరిమానా, పైన కోర్టు ఖర్చులు. అంతే. (మూగజీవాలు చేసిన పాపమేమిటో నాకు అర్థం కాలేదు. తిరుగుబాట్లలో ఇట్లాంటివి ఎప్పుడూ ఉంటాయి, తర్వాత కథ చెప్పేవాళ్ళు వదిలేస్తారు.)

చెట్టు మీద గుర్తు. ఆదిలాబాద్ అడవికి ఈ కథ కొత్త కాదు. రాజు మారాడు, చెట్టు మారింది. పైన్ బదులు టేకు, ఓడ కొయ్య బదులు రైలు పట్టాల కింది స్లీపర్లు. ఇది నిజాం రాజ్యమే గానీ, అడవిని సర్కారు సొత్తుగా చూసే చూపు మాత్రం బ్రిటిష్ ఇండియాలో 1865, 1878 అటవీ చట్టాలతో స్థిరపడిందే. రిజర్వ్ ఫారెస్ట్ అనే మాట ఆ దారిలోనే వచ్చింది. గోండులు, కోలాములు కొన్నేళ్ళు ఒకచోట దున్ని, ఆ నేలను పడావు ఉంచి, ఇంకోచోటికి జరిగేవాళ్ళు. సర్వే గొలుసు పట్టుకుని వచ్చిన అమీనుకు పడావు నేల ఖాళీ నేలగా కనపడింది. ఖాళీ కాబట్టి అడవి, అడవి కాబట్టి సర్కారుది. గీత గీశారు. నిన్నటి చేను ఇవాళ ఆక్రమణ అయింది. మేతకు, కట్టెలకు బంబ్రాం, దూపపెట్టి అని పన్నులు. కట్టలేకపోతే మామూళ్ళు. 1929 నాటికి కాజీపేట నుంచి బల్లార్షా దాకా రైలు వేశాక పై ప్రాంతాల నుంచి జనం దిగడం పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్ళకు కాగితం అంటే తెలుసు, పట్వారీ తెలుసు. ఎప్పట్నుంచో ఉన్నవాళ్ళకు చేను తెలుసు. గెలిచింది కాగితం.

భీం పుట్టింది ఆసిఫాబాద్ దగ్గరి సంకేపల్లిలో. కుటుంబం అక్కడ నిలవలేక సుర్దాపూర్ వైపు పోయింది. అక్కడ పండించిన పంట నాదని ఒక భూస్వామి వచ్చాడు. ఆ గొడవలో అతను చచ్చిపోయాడు, భీం పారిపోయాడు. బల్లార్షా, చాందా, అస్సాం తేయాకు తోటలు. తిరిగొచ్చాక బాబేఝరి, జోడేఘాట్ చుట్టుపక్కల పన్నెండు గూడేలను కూడగట్టాడు. నిజాంను కలిసి మొర పెట్టుకోవాలని హైదరాబాద్ దాకా పోయాడని, లోపలికి పోనియ్యలేదని ఇక్కడివాళ్ళు చెప్తారు. 1940లో జోడేఘాట్ గుట్ట మీద కాల్చి చంపారు. వేర్ ఊరివాళ్ళు షెరీఫును కొట్టి కూడా ఇరవై షిల్లింగులతో బయటపడ్డారు. తీర్పు చెప్పినవాళ్ళూ తిరగబడ్డవాళ్ళూ ఒకే రకం మనుషులు, అదే భాష, అదే చర్చి. జోడేఘాట్ వాళ్ళకు ఆ సౌకర్యం లేదు.

ఇంతవరకు మామకూ నాకూ పేచీ లేదు. పేచీ ఇక్కడి నుంచి.

అదే అమెరికా వలసవాసులు ఇంకో చట్టాన్ని కూడా అంతే కసిగా ద్వేషించారు. దాన్ని మన పాఠాల్లో ఒక్క వాక్యంలో దాటేస్తారు. 1763 అక్టోబర్‌లో మూడో జార్జి ఒక ప్రకటన చేశాడు. అపలాచియన్ కొండల వెంట ఒక గీత. దానికి పడమర భూములు అక్కడి మూలవాసుల తెగలవి, వలసవాసులు అటు పోయి స్థిరపడకూడదు, పోయినవాళ్ళు వెనక్కి రావాలి. ఆ తెగల దగ్గర ప్రైవేటు మనుషులెవరూ భూమి కొనకూడదు, ఎందుకంటే ఆ కొనుగోళ్ళలో మోసాలు జరుగుతున్నాయి. ఆ వాక్యాలు చదువుతుంటే నాకు వన్ ఆఫ్ సెవెంటీ చదువుతున్నట్టే అనిపించింది.

రాజుగారికి మూలవాసుల మీద ప్రేమ పొంగి చేశాడని కాదు. ఆ ఏడే పాంటియాక్ నాయకత్వంలో తెగలు తిరగబడ్డాయి, యుద్ధం ఖర్చు భరించలేక గీత గీశాడు. కానీ వలసవాసులకు అది దౌర్జన్యంగా కనపడింది. జార్జి వాషింగ్టన్ అంతటివాడు 1767లో తన సర్వేయరుకు ఉత్తరం రాస్తూ, ఈ గీత తాత్కాలికం, ఇప్పుడే మంచి భూములు చూసిపెట్టుకోవాలి, గుట్టుగా ఉంచు అన్న అర్థంలో సలహా ఇచ్చాడు. 1776 స్వాతంత్ర్య ప్రకటనలో రాజు చేసిన అన్యాయాల జాబితా ఉంటుంది. కొత్త భూములు దక్కనివ్వడం లేదన్న ఫిర్యాదు అందులో ఉంది. అదే జాబితాలో మూలవాసులను దయలేని అనాగరికులన్న తిట్టూ ఉంది.

మనుషులు వాళ్ళే, కోపం కూడా ఒకటే. ఒక చట్టం విషయంలో ఆ కోపం న్యాయంగా ఉంది, ఇంకో చట్టం విషయంలో అది ఇంకొకరి నేల మీద ఆశ. వాళ్ళకు మాత్రం రెండూ స్వేచ్ఛలాగే అనిపించాయి. కోపం వచ్చిందంటే అన్యాయం జరిగిందన్నమాటే అని అనుకుంటాం మనం. కాదు. మనం అనుభవించే వసతికి అడ్డం పడినా కోపం వస్తుంది. ఆ రెండు కోపాలకూ లోపలి నుంచి చూస్తే రంగు తేడా తెలియదు.

మరి బయటి నుంచి ఎట్లా తెలుసుకోవాలి?

వలసవాసుల జవాబు: మమ్మల్ని అడిగారా లేదా? మేం లేని సభ చేసిన చట్టం మాకు చెల్లదు. వినడానికి గట్టి కొలతే. కానీ దీన్ని ఏజెన్సీకి పట్టుకొస్తే తలకిందులవుతుంది. అయిదో షెడ్యూలు ప్రాంతాలకు భూబదలాయింపు నిబంధనలు చేసేది శాసనసభ కాదు, గవర్నరు. గిరిజన సలహా మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో చేస్తారు. 1959లో ఆంధ్ర ఏజెన్సీకి చేసిన రెగ్యులేషన్‌ను 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో సవరించి బిగించారు. షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి, వేరే రుజువు లేకపోతే, గిరిజనుడి దగ్గర నుంచి వచ్చిందే అనుకోవాలన్నారు. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడం కూడా చెల్లదన్నారు. 1988లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగబద్ధమే అంది. 1997లో సమత కేసులో ఇంకో అడుగు వేసి, ఆ భూముల్ని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వకూడదంది. "మమ్ముల ఎవడడిగిండు?" అని మామ అంటే, బోస్టన్ కొలత ప్రకారం మామ గెలుస్తాడు. అంటే ఆ కొలత సరిపోదు. అడగాల్సింది ఎవరినన్న ప్రశ్నను అది ముందే తేల్చేసుకుని వస్తుంది. బోస్టన్ సభల్లో మూలవాసులకు కుర్చీ లేదు.

రెండో జవాబు, చెమట. దున్నినవాడిదే భూమి. తెలంగాణలో పుట్టిన నాకు ఈ మాట తల్లిపాలతో వచ్చింది. ఇదే మాటను కొంచెం తత్వశాస్త్రంగా చెప్పినవాడు జాన్ లాక్: మనిషి తన శ్రమను కలిపిన నేల అతని ఆస్తి. ఆయన కరోలినా వలస యజమానుల దగ్గర కార్యదర్శిగా పనిచేసిన మనిషి. యూరప్ పద్ధతిలో కంచె వేసి దున్నడమే ఆయన లెక్కలో శ్రమ. వేటా, పడావూ, ఏరుకురావడమూ కావు. మన అమీను చూపూ అదే. పడావు ఖాళీ అయింది. దున్నేవాడిదే భూమి అన్న నినాదం దొర గడీ ముందు ఒకలాగ, గోండు గూడెం అంచున ఇంకోలాగ పనిచేస్తుందని ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉంది.

మూడోది, ఎవరు ముందొచ్చారు అన్నది. ఇది బలమైనదే గానీ దీంతో కూడా జాగ్రత్తగా ఉండాలి. ఎంత ముందు? లంబాడాలను తెలంగాణలో షెడ్యూలు తెగల్లో చేర్చింది 1976లో. దాని మీద ఆదిలాబాద్‌లో గోండులకూ వాళ్ళకూ మధ్య రగిలింది ఇంకా చల్లారలేదు. ముందూ వెనకా లెక్క మనుషుల్ని చీల్చే పనే ఎక్కువ చేస్తుంది.

నాకు తోచిన కొలత వేరు. చట్టం ఏం తీసుకుంటోంది అని కాకుండా, ఆ చట్టానికి లోబడితే మనిషికి ఏం మిగులుతుంది అని అడగాలి. భీం లోబడి ఉంటే? బాబేఝరి వదిలి ఎక్కడికి పోవాలి? గీత దాటితే ఇంకో గీత. కట్టె ముట్టుకుంటే పన్ను, పశువు మేస్తే పన్ను, చేను దున్నితే జైలు. ఆ చట్టాన్ని పూర్తిగా పాటిస్తూ గోండుగా బతకడం సాధ్యం కాదు. కూలీగా బతకొచ్చు, ఇంకొకరి చేలో. వేర్ ఊరివాళ్ళకు అంత లేదు నిజానికి, వాళ్ళకు నష్టమైంది డబ్బు. అందుకే వాళ్ళ తిరుగుబాటు ఒక్కోసారి నాకు కొంచెం సరదాగా కనపడుతుంది, జోడేఘాట్ ఎప్పుడూ కనపడదు. మామ లోబడితే? అయిదెకరాలు పోతాయి. జగిత్యాల దగ్గర ఇల్లుంది, రెండెకరాల పొలం ఉంది, కొడుకు కరీంనగర్‌లో ఉద్యోగం. నష్టమే, బాధే. కానీ మామ మామలాగే ఉంటాడు.

ఈ కొలతకూ చిక్కులున్నాయి. మామలాంటి కొట్టువాళ్ళే కాదు, బతకలేక వలసొచ్చి అడవి అంచున ఎకరం దున్నుకునే గిరిజనేతర కూలీలూ ఉన్నారు. వాళ్ళకు వెనక జగిత్యాలలో ఇల్లు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం, జరిగింది చారిత్రక అన్యాయమని పీఠికలోనే ఒప్పుకున్న చట్టం, గిరిజనేతరులకు మూడు తరాలు, అంటే 75 ఏళ్ళ నివాసం చూపమంటుంది. పేదవాడు 75 ఏళ్ళ కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఇంకో వైపు, బలవంతుడు బలహీనుల కోపాన్ని అద్దెకు తెచ్చుకోవడం కూడా చూశాం. 2019 జూన్‌లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటించడానికి వచ్చిన ఒక మహిళా అటవీ అధికారిని, ఆమె ట్రాక్టర్ మీద నిలబడి ఉండగా, గుంపు కర్రలతో కొట్టింది. ఆ వీడియో చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు. అక్కడ గుంపు ముందున్నది చేను తప్ప దిక్కులేని మనిషి కాదు, పదవిలో ఉన్న రాజకీయ నాయకుడు. ఆ దెబ్బల్ని జోడేఘాట్ ఖాతాలో రాయడం నా వల్ల కాదు.

భీం చనిపోయాక నిజాం ప్రభుత్వం ఒక ఆస్ట్రియా మానవశాస్త్రవేత్తను పిలిపించింది. క్రిస్టాఫ్ హైమన్‌డార్ఫ్. మార్లవాయిలో గోండుల మధ్య కూర్చుని ఆయన రాసిన నివేదికల సారం, ఇది నేరస్తుల గొడవ కాదు, భూమి గొడవ అని. పట్టాలిచ్చారు, గోండీలో చదువు చెప్పే పంతుళ్ళను తయారుచేశారు, భూమి రక్షణకు నిబంధనలు వచ్చాయి. అంటే మామ తిట్టుకునే వన్ ఆఫ్ సెవెంటీకి మూలం వెతుక్కుంటూ పోతే, ఆయన దండం పెట్టిన విగ్రహం దగ్గరికే చేరతాం. భీం ఎదిరించిన చట్టమూ, భీం చావు వల్ల వచ్చిన చట్టమూ రెండూ చట్టాలే. రెంటినీ ఒక తాడుకు కట్టడం దగ్గరే మామ వాదన తప్పింది.

రక్షణ చట్టం కాగితం మీద ఉంటే చాలదని ఇంద్రవెల్లి చెప్పింది. 1981 ఏప్రిల్ 20, సోమవారం, అంగడి రోజు. పట్టాలు కావాలని, అన్యాక్రాంతమైన భూములు తిరిగివ్వాలని సభ. ముందు అనుమతిచ్చి తర్వాత రద్దు చేశారు, 144 సెక్షన్ పెట్టారు. ఆ సంగతి గూడేల దాకా చేరలేదు, జనం వస్తూనే ఉన్నారు. పోలీసు కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క, అరవైకి పైనే అని పౌరహక్కులవాళ్ళ లెక్క. ఏది పోయిందో అడగడానికి వచ్చినవాళ్ళు వాళ్ళు. అడిగింది అప్పటికే అమల్లో ఉన్న చట్టాన్ని.

మామ ఆ రోజుల్లో ఉట్నూరు దగ్గరే ఉన్నాడు. 1960ల చివర వచ్చి చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఉప్పు, బెల్లం, పొగాకు, పత్తి గింజలు. డబ్బుకు వడ్డీ, జొన్నలకు నాగు. మంచివాడనే పేరుంది, జ్వరమొస్తే మందుబిళ్ళలు ఊరికే ఇచ్చేవాడట. నాలుగైదేళ్ళకు చేను చేతికొచ్చింది. ఎట్లా వచ్చిందో ఇంట్లో ఎవరూ విడమరచి చెప్పరు. ఒక సాదాబైనామా, తెల్లకాగితం, కింద ఒక గోండు రైతు వేలిముద్ర. అత్త దాన్ని పాత రవికె గుడ్డలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచింది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఆ చేలో జొన్నకంకులు కాల్చుకుని తిన్నాను నేను. ఆ రుచి బాగుండేది.

మొన్న పోయినప్పుడు న్యూ హాంప్‌షైర్ కథ చెప్పాను. బెత్తం దెబ్బల దగ్గర మామ పడీ పడీ నవ్వాడు. గుర్రాల చెవుల దగ్గర అయ్యో అన్నాడు. తర్వాత 1763 గీత సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మరి ఆ గీత దాటి భూములు పట్టినోళ్ళు ఏమైన్రు?"

"ఒకాయన దేశాధ్యక్షుడైండు మామా."

"గీతకు అవుతలున్నోళ్ళు?"

నేను చెప్పేలోగానే చెయ్యి ఊపాడు, తెలుసులే అన్నట్టు. పత్తి ఏరెటోళ్ళు వచ్చిన్రేమో చూసొస్తానని లేచి కండువా వేసుకున్నాడు. వచ్చినవాళ్ళలో ఆ వేలిముద్ర పెట్టినాయన మనవరాలు కూడా ఉంది. మామ ఆమెను పేరు పెట్టి పిలిచి, పిల్లగానికి జ్వరం తగ్గిందా అని అడిగాడు.